మేడంగారి ఆదివారపు నిద్ర

నిద్రలోనే, ప్రశాంతంగా వెళ్ళిపోయారని మెసేజి. మా పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. మధ్యలో ఒకాయన పొరపాటున వాళ్ళ రొయ్యల చెరువు ఫోటో పెట్టి వెంటనే తీసేశాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నిద్రలోనేమిటి? ప్రశాంతంగానేమిటి? మా మేడంగారికి ఆ రెండింటితోనూ జన్మలో పొత్తు కుదరలేదు. ఫోను బల్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియక మళ్ళీ హాల్లోకొచ్చాను. మళ్ళీ ఫోను తీసి అదే మాట చదివాను.

ఆవిడ అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పేవారు. నాకూ చెప్పారు. తరవాత నేను ఎమ్మే పూర్తిచేసి అదే కాలేజీకి గెస్టు లెక్చరర్‌గా వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీ అని మాటవరసకి అంటున్నాను గానీ ఆవిడ కుర్చీలో ఆవిడ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. కాలు కాలిన పిల్లి అంటామే, అచ్చం అలాగే. పాఠం చెబుతూ గుమ్మం దాకా వెళ్ళేవారు, అక్కణ్ణించి వరండాలోకి వెళ్ళేవారు, పక్క గదిలో కామర్సు మాస్టారికి మా పాఠంలోంచి ఓ వాక్యం వినిపించి మళ్ళీ వచ్చేవారు. పోనీ ఎప్పుడైనా ఖర్మకాలి కూర్చుంటే కుడికాలు ఆడుతూ ఉండేది. పరీక్ష హాల్లో ఆ కాలి చప్పుడుకి పిల్లలు రాయలేకపోతున్నామని ప్రిన్సిపాలుకి చెప్పుకున్నారంటే చూసుకోండి.

టీ పూర్తిగా తాగడం ఎరగరు. స్టాఫ్ రూంలో, లైబ్రరీలో, మెట్ల పిట్టగోడ మీద సగం సగం టీ గ్లాసులు. అటెండరు వాటిని పోగుచేసుకుంటూ, "మేడంగారు ఇటెళ్ళేరండి" అని దారి చెప్పేవాడు.

నిద్ర పాఠం మాత్రం ఆవిడ నోటే వినాలి. నిద్రలో దశలుంటాయనీ, కలలొచ్చే దశలో రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరిగెడతాయనీ, పగలంతా నేర్చుకున్నదాన్ని మెదడు సర్దిపెట్టుకోడానికి నిద్ర అవసరమనీ చెప్పేవారు. చెబుతున్నంతసేపూ మొహంలో అసూయ. పాయసం గురించి సుగరు మనిషి చెబుతున్నట్టు చెప్పేవారు.

"మీకు నిద్ర పట్టదా మేడం?" అని ఒకసారి అడిగాను.

"పడుతుందే. బస్సులో పడుతుంది. కదలకుండా ఉన్నచోట నాకు కునుకు రాదు."

నిజమే. చెల్లెలితో కలిసి కొత్తపేటలో ఉండేవారు, రోజూ బస్సులో అమలాపురం వచ్చేవారు. బస్సు ఊరు దాటిందో లేదో తల కిటికీకి ఆనించేవారు. ఆ దారిలో తిరిగే కండక్టర్లందరికీ ఆవిడ తెలుసు. కాలేజీ దగ్గర బస్సు ఆపి, భుజం తట్టడానికి మొహమాటపడి, సీటు కమ్మీ మీద టికెట్ల మిషను టకటక కొట్టి, "మేడంగారండీ, వచ్చేసిందండి" అని లేపేవారు. కొన్నాళ్ళకి ఆ టకటక వింటే చాలు, క్లాసులో ఉన్నా ఆవిడ చెయ్యి భుజం మీది సంచీ కోసం వెతుక్కునేది. మాకది కనిపెట్టి చూపించింది కూడా ఆవిడే. ఎవరో స్కేలుతో బల్ల మీద కొడితే ఆవిడ చెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగింది. "చూసేరా! ఇదే అభ్యసనం అంటే. గంట కొడితే చొంగ కార్చే కుక్క గురించి బట్టీ పట్టక్కర్లేదు, నన్ను చూడండి చాలు" అని పగలబడి నవ్వారు.

అవధానం, అంటే ధ్యాస, ఆ పాఠం చెప్పే రోజున ఇంకో తమాషా చేసేవారు. "ఇవాళ నేను 'కాబట్టి' అని ఎన్నిసార్లు అంటానో లెక్కపెట్టండి" అనేవారు. మేమంతా వేళ్ళు మడుస్తూ కూర్చునేవాళ్ళం. పాఠం అయ్యాక లెక్క అడిగి, అది వదిలేసి, "నా గడియారం ఏ చేతికుంది?" అనేవారు. ఎడమ చేతికి ఉండాల్సింది కుడి చేతికుండేది. మా కళ్ళ ముందే తీసి మార్చుకున్నారు, క్లాసంతటిలో ఒక్కళ్ళూ చూడలేదు. మా మొహాలు చూసి ఆవిడకి ఎంత సంతోషమో! "కళ్ళుంటే కనపడుతుందనుకోకండి. దేన్ని వెతుకుతున్నారో అదే కనపడుతుంది" అనేవారు.

ఇక కాఫీ సంగతి. చదువుకునే రోజుల్లో రికార్డు దిద్దించుకోడానికి కొత్తపేట వెళ్ళాను. వాళ్ళ చెల్లెలుగారు కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "తీసుకోమ్మా" అన్నారు.

"వద్దండి, ఇప్పుడే తాగొచ్చేనండి" అన్నాను. ఎక్కడా తాగలేదు. పొద్దుటి బస్సు పట్టుకుని పరిగెత్తుకొచ్చాను, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. కానీ మా కోనసీమలో అదొక పద్ధతి కదా. మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే, ఎందుకండీ మీకు శ్రమ అనాలి. మూడోసారికి గ్లాసు ఎలాగూ చేతిలోకి వచ్చేస్తుంది. అడిగేవాళ్ళకీ తెలుసు, అడిగించుకునేవాళ్ళకీ తెలుసు.

మేడంగారు చెల్లెలి చేతిలో గ్లాసు తను అందుకున్నారు. "వద్దంది కదే. ఇంకా ఎందుకు బలవంతపెడతావు?" అని నా కళ్ళెదుటే సగం తాగి కిటికీలో పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. రికార్డు పట్టుకుని ఇంటికొచ్చి, మా అమ్మతో ఆవిడకి మర్యాదే తెలియదని చెప్పాను. చుట్టాలు కూడా ఆ మాటే అనేవారట. ఆవిడ లెక్కలో వద్దంటే వద్దే. మనిషి నోట్లోంచి వచ్చిన మాటని అలాగే తీసుకోవడమే ఆ మనిషికిచ్చే గౌరవం అనేవారు.

దీనికి మూలం ఆవిడ పాఠాల్లోనే ఉంది. పరిశోధనలో నైతికత అని పుస్తకం చివర ఒక పాఠం ఉండేది. దాంట్లోంచి ప్రశ్నలు రావు, అందరూ వదిలేసేవారు. ఆవిడ దాన్ని మొట్టమొదట చెప్పేవారు. "మనిషి మీద ఏదైనా చేసి చూడాలంటే ముందు ఆ మనిషిని అడగాలి. ఏం చేస్తామో దాచకుండా చెప్పాలి. మధ్యలో మానేస్తానంటే మానెయ్యనివ్వాలి. ఎందుకు మానేసేవని అడక్కూడదు. ఇంతే. ఇది రానివాడికి మిగతా పుస్తకమెందుకు?" చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఆవిడకి ఒక దిగులు పట్టుకుంది. "మనవాళ్ళని ఎలా అడగాలే? ఏమడిగినా 'ఆయ్' అంటారు. చెరువులో దూకుతారా అంటే కూడా, 'ఆయ్, అలాగేనండి' అంటారు. అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది?"

ఆ దిగుల్లోంచే ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టారు. ఎవరిచేత ఏ చిన్న పరీక్ష చేయించాలన్నా ముందు ఆ మనిషిచేత ఒకసారి వద్దనిపించేవారు. అలవాటు లేని మాట కదా, ముందొకసారి నోరు తిరిగితే తరవాత కావాల్సొచ్చినప్పుడు వస్తుందని ఆవిడ నమ్మకం. జ్ఞాపకశక్తి పరీక్షకి అటెండర్ని పిలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"ముందు నాతో వద్దని చెప్పు" అన్నారు.

"అయ్యబాబోయ్! మీతో ఎలా చెప్తానండీ?"

"చెప్పాలి. గట్టిగా చెప్పు."

వాడు నా వంక చూశాడు, తలుపు వంక చూశాడు. చివరికి చేతులు కట్టుకుని, "వద్దండి, ఆయ్" అన్నాడు. స్టాఫ్ రూం అంతా ఘొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. "ఆఁ, ఇప్పుడు అడుగుతున్నాను. చేస్తావా?" అన్నారు. వాడు చేశాడు.

ఈ పద్ధతి మీదే ఆవిడ పీహెచ్‌డీ నడిచింది, ఈ పద్ధతి మీదే కూలిపోయింది. అది చెప్పకుండా ఆవిడ గురించి ఎంత చెప్పినా చెప్పినట్టు కాదు.

పీహెచ్‌డీకి పేరు రిజిస్టరు చేయించుకుని చాలా ఏళ్ళయింది. యూనివర్సిటీ వాళ్ళు గడువు పొడిగించీ పొడిగించీ ఇక ఇదే ఆఖరన్నారు. ఇక్కడ కాలేజీలో మేనేజ్‌మెంటు సైకాలజీ గ్రూపు ఎత్తేస్తామని కూర్చుంది. డిపార్టుమెంటులో కనీసం ఒక డాక్టరేటైనా లేకపోతే నడపడం కుదరదని కరస్పాండెంటు ఆవిడ మొహమ్మీదే చెప్పాడు. అంటే ఆ డాక్టరేటు వస్తే గ్రూపు బతుకుతుంది, నా గెస్టు ఉద్యోగమూ బతుకుతుంది. రాకపోతే ఇద్దరం రోడ్డు మీదే. అందుకని ఆవిడ కంటే నాకే ఆ పరిశోధన మీద ఎక్కువ ఆత్రం.

పగటి నిద్రకీ నేర్చుకున్నది గుర్తుండడానికీ సంబంధం చూడడం ఆవిడ తీసుకున్న అంశం. నిద్రపట్టని మనిషి ఏరికోరి తీసుకుంది. కాలేజీ వెనక ఆడపిల్లల హాస్టలు ఉంది. ఆదివారం పొద్దున్న పిల్లలకి జంట మాటలు నేర్పేవాళ్ళం. పడవ అంటే సబ్బు, తాళం అంటే జామకాయ, దువ్వెన అంటే వంతెన. అర్థంపర్థం లేని జంటలు. భోజనాలయ్యాక సగంమంది మేడ మీద హాల్లో చాపలేసుకుని పడుకోవాలి. మిగతా సగం కింద భోజనాల గదిలో నా కాపలాలో మెలకువగా కూర్చుని పూలు కట్టుకోవాలి. నాలుగింటికి అందరినీ పిలిచి, పడవ అంటే ఏమిటి, తాళం అంటే ఏమిటి అని అడగాలి. మొదటి ఆదివారమే పిల్లలందరినీ ఒక్కొక్కళ్ళనీ పిలిచి ముందు వద్దనిపించారు. అందరూ చక్కగా, గడగడా, "వద్దండి" అన్నారు. తరవాత అడిగితే, "ఆయ్, చేస్తామండి" అన్నారు. "చూసేవా, ఈ తరం పిల్లలకి భయం లేదే!" అని మేడంగారు పొంగిపోయారు.

మేడ మీద కాపలా ఆవిడది. చెప్పులు విప్పేసి చాపల మధ్య తిరిగేవారు. పైనించి ఆవిడ పాదాల చప్పుడు నాకు కింద వినిపిస్తూనే ఉండేది. పిల్లల్ని లేపాక, "నిద్ర పట్టిందా?" అని ఒక్కొక్కళ్ళనీ అడిగేవారు. అందరికీ పట్టేది.

ఫలితాలు చూస్తే కళ్ళు తిరిగాయి. పడుకున్న పిల్లలు ఒక్క జంట కూడా పోకుండా అప్పజెప్పేవారు. మెలకువగా ఉన్నవాళ్ళు తడుముకునేవారు. వారం వారం అదే వరస. మేడంగారికి రెండు కాళ్ళూ ఆడేవి. "అయిపోయిందే! మనం గట్టెక్కేం!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను ఇంట్లో అప్పు తెచ్చిన మొహంతో తిరిగేదాన్ని, ఆ రోజు మా అమ్మకి పూతరేకులు కొనుక్కెళ్ళాను.

హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ ఉండేది. ఆదివారం ఆ బెంచీ మీద ఒకావిడ కూర్చునుండేది. నల్లగా, సన్నగా, ఒళ్ళో స్టీలు క్యారేజీ. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టడానికి లోపలికెళ్తూ మేడంగారు ఎప్పుడూ ఆవిణ్ణి పలకరించేవారు.

"బావున్నారా?"

"ఆయ్, బావున్నానండి."

"భోంచేసేరా?"

"ఆయ్, అయ్యిందండి."

"వాచ్‌మన్ వాళ్ళావిడ మంచిదే. మొగుడికి ఎంత పొద్దుపోయినా అన్నం తెచ్చి కూర్చుంటుంది" అని నాతో అనేవారు. నేనూ తలూపేదాన్ని.

ఒక ఆదివారం పెద్ద వాన. వాచ్‌మన్ ఆ వారమంతా సెలవు పెట్టాడు. పిల్లల్ని పడుకోబెట్టాక, ఎక్కడో తలుపు కొట్టుకుంటోందని మేడంగారు కిందికొచ్చారు, గొడుగు పట్టుకుని నేనూ వెళ్ళాను. గేటు తలుపు అది. పక్కన బెంచీ మీద ఆవిడ కూర్చునుంది. నెత్తిన ప్లాస్టిక్ సంచీ, ఒళ్ళో క్యారేజీ.

"ఇంత వానలో ఎందుకొచ్చేరు? మీ ఆయన ఇవాళ లేరుగా!" అన్నారు మేడంగారు.

ఆవిడ తెల్లబోయింది. "మా ఆయన పోయి చాలాకాలమైందండి."

మేడంగారు నా వంక చూశారు. "మరి మీరు ఎవరికోసం వస్తున్నారు?"

"మా అమ్మాయికోసమండి. మీ నిద్రలో ఉందండి."

ఆవిడే నెమ్మదిగా, ఏదో తప్పు చేసినదానిలా చెప్పుకొచ్చింది. వాళ్ళది అంతర్వేది వైపు సముద్రపు పల్లె. రొయ్యల షెడ్డులో పని, ఆదివారం ఒక్కటే సెలవు. వండుకుని రెండు బస్సులు మారి వచ్చేసరికి పిల్లలు మేడ మీదికి వెళ్ళిపోతున్నారు. "అది లేచేసరికి నాలుగవుద్దండి. మా బస్సు మూడున్నరకండి. క్యారేజీ లోపలిచ్చేసి ఎల్లిపోతానండి. ఫరవాలేదండి, పడుకోనివ్వండి. మీ పరీక్ష కదండీ."

"అంటే ఇన్ని ఆదివారాలూ మీరు మీ అమ్మాయిని చూళ్ళేదా?"

"ఆయ్. కిటికీలోంచి చెయ్యూపుద్దండి ఒక్కోసారి."

మేడంగారు గొడుగులోంచి బయటికి పరిగెత్తారు. నేను వెనకాలే. మెట్లెక్కి హాల్లోకి వెళ్ళాం. పిల్లలు వరసగా దుప్పట్లు కప్పుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ అమ్మాయి కిటికీ పక్క చాప మీద ఉంది. ఆ పిల్లకి హాస్టలు సీటు ఇప్పించింది కూడా మేడంగారే. ఆవిడ పక్కన కూర్చుని వంగి, నెమ్మదిగా అడిగారు.

"పడుకున్నావా అమ్మా?"

"ఆయ్, పడుకున్నానండి" అంది ఆ పిల్ల, కళ్ళు తెరవకుండా.

పక్క చాప మీంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ వెనక ఇంకోటి. దుప్పట్లు ఊగిపోయాయి. చూస్తుండగానే హాలు సగం లేచి కూర్చుంది. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను! మేడంగారి మొహం చూశాక ఆగిపోయింది. ఆవిడ నేలమీద అలాగే కూర్చున్నారు. కాలు ఆడడం లేదు. ఆ కాలు ఆడకుండా ఉండగా నేను అదే మొదటిసారి చూడడం.

"నిద్ర పట్టకపోతే మరి ఇన్ని ఆదివారాలూ ఏం చేస్తున్నావు?"

"మాటలు మనసులో చదువుకుంటున్నానండి. పడవ, సబ్బు, తాళం, జామకాయ. తప్పు చెప్తే మీరు బాధపడతారని."

"మీ అమ్మ వస్తుందని చెప్పొచ్చుగా నాతో? వద్దనొచ్చుగా?"

"అన్నానండి. మీరు వద్దనమన్నారు కదండీ, అన్నాను."

"అది కాదమ్మా. నిజంగా వద్దనుకుంటే?"

ఆ పిల్ల ఆలోచించింది. "అది మళ్ళీ వేరేగా అనాలని తెలీదండి" అంది.

ఇంతలో చప్పుడుకి వార్డెన్ వచ్చింది. పాపం, ఆవిడ ఎవరొచ్చినా ఏదో ఒకటి చేతిలో పెట్టందే పంపదు. అంత మంచి మనిషి. సంగతి విని గర్వంగా చెప్పింది. "నేనే నేర్పేనండి! మేడంగారు ముందు వద్దనమంటారు, మొహమాటపడకుండా వద్దనెయ్యండి, రెండోసారి ఆయ్ అనండి, ఆవిణ్ణి నిలబెట్టెయ్యకండి అని చెప్పేనండి. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని చదువుకోండి, మేడంగారికి మార్కులు రావాలి కదా అన్నానండి. బాగా వచ్చేయాండీ?"

ఆ పరిశోధనలో పాసవ్వాల్సింది మేడంగారనీ, పిల్లలంతా కలిసి ఆవిణ్ణి గట్టెక్కించాలనీ హాస్టలు హాస్టలంతా కట్టుకట్టి పనిచేసిందన్నమాట. మేడంగారు మా మొహమాటానికి మందు వేశాననుకున్నారు. మావాళ్ళు ఆ మందుని కూడా మర్యాద కింద కలిపేసుకున్నారు.

మేడంగారు గడియారం చూసుకున్నారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. తల్లి వాళ్ళని చూసి లేచి నిలబడింది. "అయ్యో, లేపేసేరా? నా మూలాన మేడంగారి నిద్ర పాడైపోయిందాండీ?" అంది. ఆ పిల్ల తల్లి భుజం మీద తల పెట్టేసింది. ఇక నా వల్ల కాలేదు, అటు తిరిగిపోయాను.

అప్పటికే రాజోలు వైపు బస్సు వచ్చి ఆగింది. మేడంగారు వానలో రోడ్డు దాటి వెళ్ళి, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి, చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"మేడంగారు ఎక్కుతున్నారాండీ?" అన్నాడు కండక్టరు.

"లేదు."

"మరి కాలు తీస్తే..."

"తియ్యను. అక్కడ తల్లీకూతుళ్ళు అన్నం తింటున్నారు. తిననీ."

డ్రైవరు హారను కొట్టాడు. లోపల ఎవరో విసుక్కున్నారు. ఆవిడ కదల్లేదు. చీర తడిసి ముద్దయింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎక్కడా ఒక్క క్షణం నిలవని మనిషి, క్యారేజీ గిన్నెలు ఖాళీ అయి ఆ తల్లి వచ్చి బస్సెక్కేదాకా రాయిలా నిలబడ్డారు.

మర్నాడు గైడుకి ఫోను చేసి, ఏదీ పనికిరాదని చెప్పేశారు. ఆయన మంచివాడే, ఆ ఒక్క పిల్లనీ తీసేసి మిగతాది రాసి పెట్టమన్నాడు. నేనూ ఆ మాటే అన్నాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మీకు పిచ్చా మేడం? ఆదివారాలన్నీ నేనూ ధారపోశాను కదా ఇక్కడ! నా ఉద్యోగం సంగతేమిటి?" అని అరిచాను.

"మిగతావాళ్ళు నిజంగా పడుకున్నారని నీకు తెలుసా? ఒప్పుకునే చేసేరని తెలుసా?" అన్నారు.

"అడుగుదాం!"

"అడిగితే ఏమంటారు?"

ఏమంటారో ఇద్దరికీ తెలుసు.

ఆవిడేదో నవ్వుతూ వదిలేసుకున్నారనుకోకండి. చాలా రోజులు అందరినీ కసిరారు. వార్డెన్‌తో మాట మానేశారు, తరవాత ఆవిడ పంపిన సున్నుండలు మాత్రం తిన్నారు. ఒకరోజు స్టాఫ్ రూంలో మేమిద్దరమే ఉన్నప్పుడు, కిటికీ దగ్గర నిలబడి అన్నారు. "నాకు కావాలే ఆ డాక్టరేటు. చాలా కావాలి." మళ్ళీ, "గడియారం చెయ్యి మారిస్తే పట్టుకోలేదని ఇన్నేళ్ళూ పిల్లల్ని ఏడిపించేను. ఆ తల్లి ఒళ్ళో క్యారేజీ వారం వారం చూసేను. ఆవిడ ఎవరో నాకెందుకు కనపడలేదంటావు?" అన్నారు. ఆ తరవాత గడియారం తమాషా ఆవిడ చెయ్యలేదు.

గడువు అయిపోయింది. కరస్పాండెంటు అన్నంత పనీ చేశాడు, గ్రూపు ఎత్తేశారు. ఆవిణ్ణి ఇంగ్లీషూ, వ్యక్తిత్వ వికాసమూ చెప్పమన్నారు. నేను రాజోలులో ఒక స్కూల్లో కౌన్సెలరుగా చేరాను. కొన్నాళ్ళు ఆవిడ మీద కోపంతో ఫోను కూడా చెయ్యలేదు. ఆ కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను. నా గదిలోకొచ్చిన పిల్లలు ప్రతిదానికీ "ఆయ్ మేడం" అన్నప్పుడల్లా ఆవిడే గుర్తొచ్చేవారు.

పోయిన నెల ఒంట్లో బాగాలేదని తెలిసి కొత్తపేట వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. చెల్లెలుగారు గుమ్మంలోనే నోటిమీద వేలు వేసుకున్నారు. "ష్, ఇప్పుడే కునుకు పట్టిందమ్మా. ఎన్నాళ్ళకో!" ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. అక్క మంచం పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నారు.

నేను లోపలికి వెళ్ళి చూశాను. మేడంగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. దుప్పటి కింద కుడికాలు ఆడుతోంది.

వంగి చెవి దగ్గర అడిగాను. "పడుకున్నారా మేడం?"

"ఆయ్, పడుకున్నానండి."

నేను నోరు నొక్కుకున్నాను. చెల్లెలుగారు కాఫీ పెట్టడానికి వెళ్ళేదాకా ఆగి మేడంగారు ఒక కన్ను తెరిచారు. "అది అస్తమానం ఇక్కడే కూచుంటోందే. నేను కళ్ళు మూస్తేగానీ లేచి అన్నం తినట్లేదు" అన్నారు.

"నిద్ర రావట్లేదు, నువ్వు వెళ్ళి తినమని చెప్పొచ్చుగా? వద్దంటే వద్దే కదా మీకు!"

"చెప్పొచ్చు." కాలు ఆగింది. "నోరు రావట్లేదే. ఎంత ఆశగా చూస్తుందో తెలుసా, నేను పడుకున్నానా అని. హాస్టల్లో ఆ పిల్ల కూడా ఇలాగే పడుకుని ఉంటుంది పాపం, నేను చూస్తున్నానని." కాలు మళ్ళీ ఆడడం మొదలెట్టింది. కాఫీ వచ్చింది. "వద్దండి" అన్నాను అలవాటుగా. మేడంగారు కళ్ళు మూసుకునే నవ్వారు. "ఇచ్చెయ్యవే దానికి. తాగుతుంది" అన్నారు చెల్లెలితో.

అందుకే ఆ మెసేజి చూసి నాకు ఒళ్ళు మండింది. నిద్రలోనేనని రాశారు. ఎవరైనా దుప్పటి కింద కాలు చూశారా? రాజోలు నుంచి కొత్తపేట దాకా బస్సులో ఇదే నా గోల. వెళ్ళగానే అడిగెయ్యాలనుకున్నాను. నిజం తెలుసుకోకుండా ఊరుకోవడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదానికి విరుద్ధమని నాకు నేనే చెప్పుకున్నాను.

చెల్లెలుగారు ఆ కుర్చీలోనే ఉన్నారు. మంచం తీసేశారు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు.

"అన్నం తిన్నాక పడుకుందమ్మా. అక్కా, పడుకున్నావా అంటే, 'ఆయ్, పడుకున్నానండి' అంది. నాతో ఎప్పుడూ అండీ అనదు, ఆ పూట ఎందుకో అంది. సరే నిద్రపోతోంది కదా అని నేను వెళ్ళి నాలుగు ముద్దలు తిన్నాను. వచ్చేసరికి..." ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "నిద్రలోనే పోయింది కదమ్మా? నేను అటెళ్ళినప్పుడు మెలకువగా లేదు కదా? నువ్వు ఇవన్నీ చదువుకున్నదానివి, చెప్పు. నిద్రలోనే కదా?"

నా కళ్ళలోకే చూస్తున్నారు.

"ఆయ్" అన్నాను. "నిద్రలోనేనండి."